నా మీద గెలిచిన మా సీనియర్

మా సీనియర్ పోయారన్న కబురు నాకు పాడేరు కోర్టు వరండాలో తెలిసింది. నా కేసు పిలవడానికి ఇంకా టైముంది. ఫోను చేసింది అరకులో ఆవిడ అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు సీతమ్మ. "మేడం లెగట్లేదే. టీ అట్టుకెళ్ళి పిలిస్తే పలకట్లేదు. నువ్వు బేగి రా" అంది. కాసేపటికి మళ్ళీ తనే చేసి, డాక్టరు చూసి వెళ్ళాడనీ, ఇంక కంగారుపడి రానక్కర్లేదనీ చెప్పింది. నేను సరేనని ఫోను సంచిలో పెట్టుకున్నాను. అంతలో కేసు పిలిచారు. లోపలికి వెళ్ళి సాక్షిని అడగాల్సినవి అన్నీ అడిగాను. బయటికొచ్చి క్యాంటీన్లో ఇడ్లీ తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే తోటి వకీలు ఒకాయన నా మొహం చూసి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉందన్నాను. నిజంగానే బాగానే ఉన్నట్టనిపించింది. ఆ తర్వాతే అరకు బస్సెక్కాను.

ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ పూట వరకూ రాలేదు. అది వచ్చేదాకా ఆగి రాద్దామంటే ఎప్పటికి రాస్తానో తెలియదు. అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. కక్షిదారులకు ఆవిడ మేడం. నాకు సీనియర్. అంతకుముందు కొంతకాలం, నా ఇల్లూ భూమీ పోగొట్టిన ఎదుటి పక్షం వకీలు. ఈ మూడో సంగతి మా కోర్టుల్లో చాలామందికి తెలుసు. ఎవరూ నా ముందు ఎత్తరు. మీకు మాత్రం మొదటి నుంచీ చెప్పాలి. లేకపోతే ఆవిడ గురించి నేను ఏం చెప్పినా సగమే అవుతుంది.

నేను గిరిజనురాలిని కాను. మా నాన్న రోడ్డు పనికి మైదానం నుంచి వచ్చిన కూలీ. నన్ను కన్నావిడ పురిట్లోనే పోయింది. పని అయిపోయాక నాన్న నన్ను డుంబ్రిగుడ పక్కన ఒక ఊళ్ళో, తనకు కాస్త తెలిసిన ఇంట్లో దించి, మళ్ళీ వచ్చి తీసుకెళతానని చెప్పి వెళ్ళాడట. రాలేదు. ఆ ఇంటావిడ కొండదొర తెగ మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆమెను నేను ఆయ అని పిలిచేదాన్ని. మా పక్క ఒడియా కలిసిన మాటల్లో అమ్మను అలాగే అంటారు. ఆ తర్వాత కోర్టు కాగితాల్లో ఎవరో ఆ మాటను పిల్లల్ని చూసుకునే పనిమనిషి అన్న అర్థంలో రాసుకున్నారు. ఆ తప్పు చివరిదాకా అలాగే ఉండిపోయింది.

ఆయకు కొండవాలులో కొంచెం కాఫీ తోట, కింద వాగు పారే గెడ్డ పక్కన వరి పండే పల్లం, పెంకుటిల్లు ఉండేవి. నేను అరకులో ఇంటర్ చదువుతుండగా ఆమెకు రొమ్ములో జబ్బు ముదిరింది. ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి, బడి పంతులుగారి చేత వీలునామా రాయించింది. ఇల్లూ, తోటా, పల్లం నాకు. వేలిముద్ర వేసేటప్పుడు నా వైపు చూసి, "నీకు ఇంకెవులున్నారు" అంది. ఆ చలికాలం దాటలేదు.

ఆయ మరిది పేరు గురువులు. నేను కాకా అంటాను. పిల్లలున్నవాడు. ఆయన వాటా భూమి చాలావరకు గెడ్డ కోతకు పోయింది. వదిన భూమి తన ఇంటి పేరున ఉండాల్సింది, ఎక్కడి నుంచో వచ్చిన పిల్లకు పోతోందని ఆయన బాధ. అది దురాశ అని నేను అప్పుడూ అనుకోలేదు. ఆ భూమి ఆయన తాత కొండ నరికి చేసింది. మా పక్క గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి ఏ రకంగానూ పోకూడదని చట్టం ఉంది. ఒకప్పుడు ఉప్పూ బట్టా అరువిచ్చి, ఆ అప్పుకింద కొండల్నే రాయించుకున్నవాళ్ళ వల్ల వచ్చిన చట్టం అది. కాకా దాని కిందే కేసు వేశాడు.

కింది అధికారి దగ్గర నేను గెలిచాను. అప్పీలులోనూ గెలిచాను. ఎందుకంటే ఆ చట్టంలో బదలాయింపు అంటే ఏమిటో చెప్పే చోట అమ్మకం, తాకట్టు, కౌలు, దానం అన్నీ చెప్పి, వీలునామాను మాత్రం మినహాయించారు. రాసి ఉన్నది ఉన్నట్టు చదివితే నా వైపే ఉంది. అప్పుడు కాకా హైకోర్టుకు వెళ్ళాడు. ఆయన తరఫున నిలబడింది ఆవిడ.

అప్పట్లో హైకోర్టు హైదరాబాదులో ఉండేది. నేను రైల్లో వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను. నా వైపు వకీలు పెద్దాయన, మంచివాడు. చట్టంలో లేని మాటను కోర్టు రాయకూడదని, వీలునామాను మినహాయించినవాళ్ళకు ఆ మాత్రం తెలియకపోదని వాదించాడు. నాకు చాలా బాగుందనిపించింది. తర్వాత ఆవిడ లేచారు. సన్నగా, పొట్టిగా ఉన్నారు. గొంతు పెద్దది కాదు. చట్టం పుస్తకం తెరవలేదు. ఈ చట్టం రాకముందు కొండల్లో ఏం జరిగేదో చెప్పడం మొదలుపెట్టారు. కాగితం చదవలేని మనిషి చేత, చావుబతుకుల్లో ఉన్నప్పుడు వేలిముద్ర వేయించుకోవడం ఎంత సులువో చెప్పారు. వీలునామాను ఎందుకు మినహాయించారంటే, గిరిజనుడు తన తరువాత తనవాళ్ళలో ఎవరికి ఏమివ్వాలో తానే చెప్పుకోవడానికి అన్నారు. ఆ సందులోంచి బయటివాళ్ళను రానిస్తే చట్టంలో మిగతా మాటలన్నీ ఉండీ లేనట్టే అన్నారు.

జడ్జిగారు అడ్డుపడ్డారు. ఈ పిల్ల వ్యాపారి కాదు కదా, ఆమె పెంచుకున్న పిల్లే కదా, ఈమె మీద ఆ చట్టాన్ని ఎందుకు తీసుకొస్తారు అని అడిగారు. ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి బెంచీల వైపు చూశారు. నన్ను గుర్తుపట్టారో లేదో నాకు తెలియలేదు. ఆ తర్వాత ఇంగ్లీషులో చెప్పింది నాకు అప్పటికి అర్థమైనంత వరకే రాస్తున్నాను.

"ఈ అమ్మాయి మంచిది. పెంచిన తల్లి మనసూ మంచిదే. కానీ ఈమె కోసం మీరు తీసే తలుపులోంచి రేపు వచ్చేవాళ్ళు ఈమెలా ఉండరు."

తీర్పు కాకాకే వచ్చింది. మాట ఏమున్నా, చట్టం ఏ హాని ఆపడానికి వచ్చిందో ఆ హానికి దారి తీసేలా దాన్ని చదవకూడదని రాశారు. అంతకు పైకి వెళ్ళడానికి నాకు శక్తి లేదు.

తీర్పు రోజున కోర్టు బయట మెట్ల మీద ఆవిడ కనిపించారు. కోటు తీసి మడత పెడుతున్నారు. బూట్లు సంచిలో వేసుకుని రబ్బరు చెప్పులు తొడుక్కున్నారు. బస్సు ప్రయాణానికి అవే ఆవిడకు. నా దగ్గరికి వచ్చి, "ఏటి సదువుతున్నావు?" అని అడిగారు. కోర్టులో మాట్లాడిన గొంతు కాదు అది. సాలూరు పక్క ఊరి గొంతు. డిగ్రీ అన్నాను. "మానకు" అన్నారు. ఆ తర్వాత కాకాను పిలిచి, నా ఎదురుగానే చెప్పారు. "సదువయ్యేదాకా ఈ గుంట ఆ ఇంట్లోనే ఉంటాది. ఇది కోర్టు సెప్పలేదు. నాను సెప్తన్నాను." కాకా తలూపాడు. నేను ఆవిడ మొహం చూడలేదు. ఆవిడ చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాను.

కాకా మాట తప్పలేదు. వాళ్ళు ఆయ ఇంట్లోకి వచ్చారు. నేను పక్క గదిలో ఉన్నాను. కాకా భార్యను పిన్ని అనేదాన్ని. ఆమె మొదట్లో నాకు అన్నం పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయేది. తర్వాత తర్వాత కూర ఇంకొంచెం వెయ్యమంటావా అని అడిగేది. కాఫీ పళ్ళు కోతకొచ్చినప్పుడు నేనూ వాళ్ళతో తోటలోకి వెళ్ళేదాన్ని. ఏ చెట్టుకు మిరియాల తీగ ఎవరు పాకించారో నాకు తెలుసు. ఎవరితోనూ చెప్పేదాన్ని కాదు.

డిగ్రీ అయ్యాక విశాఖలో లా చదివాను. ఎందుకు చదివానో నాకు తెలుసు. ఆవిడ వాదనను ఎక్కడ పట్టుకుంటే విరుగుతుందో తెలుసుకోవాలి. అందుకు ఆవిడ దగ్గరికే వెళ్ళడం మంచిదనిపించింది. అరకులో ఆవిడ ఆఫీసు, ఇల్లు ఒకటే. సీతమ్మ వాళ్ళ ఇంటి ముందు భాగం. ముందు గదిలో బెంచీలు, లోపలి గదిలో మంచం, పొయ్యి. కొండల్లో అన్నేళ్ళు ఉన్నా ఆవిడకు ఇక్కడ సొంతంగా ఏమీ లేదు. ఉండకూడదు కూడా, ఆవిడా మైదానం మనిషే. తెలిసినాయన ఒకరు ఎవరైనా గిరిజనుల పేరు మీద చిన్న స్థలం తీసుకోమంటే, ఆ మాట అన్న మనిషికి ఆ రోజు టీ కూడా ఇవ్వలేదని సీతమ్మ ఇప్పటికీ చెబుతుంది.

నేను గుమ్మంలో నిలబడగానే ఆవిడ గుర్తుపట్టారు. వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. కేసు గురించి ఆలోచించేటప్పుడు చేతిలో ఏదో ఒకటి ఒలుస్తూ ఉండాలి ఆవిడకు. శనక్కాయలు, చింతపిక్కలు, ఏదీ లేకపోతే బఠాణీలు.

"ఏటి గుంటా, నా మీద పైకోర్టుకెల్తావనుకున్నాను. నా దగ్గిరికొచ్చేవేటి?" అన్నారు.

"నేర్చుకోడానికొచ్చాను."

"ఏటి నేర్సుకుంటావు? నన్నెలా ఓడించాలో?"

అవునన్నాను. ఆవిడ నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. ఒలిచిన గింజలు నా చేతిలో పోసి, బీరువా చూపించి, కింది అరలో నీ కేసు ఫైలుంది, ముందు అది చదువు అన్నారు. అలా మొదలైంది నా జూనియర్ ఉద్యోగం.

ఆవిడ చట్టం చదివే పద్ధతి వేరు. సెక్షన్ మొత్తం బయటికి చదివించేవారు. ఒకసారి కాదు, కళ్ళు మూసుకుని వింటూ మళ్ళీ మళ్ళీ చదివించేవారు. తర్వాత పుస్తకం మూసెయ్యమనేవారు. "ఇది రాసినోలికి ఏటి భయమేసింది? ఏది జరిగిపోద్దని భయపడి ఇది రాసేరు? ముందు అది సెప్పు" అనేవారు. నాకు తెలిసినంతలో ఆవిడ చదువు మొత్తం ఈ ప్రశ్నలోనే ఉంది. కౌలు చట్టమైనా, అడవి చట్టమైనా, సంతలో రుసుము వసూలు చేసే నిబంధనైనా అదే ప్రశ్న. కక్షిదారు వచ్చి కూర్చుంటే మాత్రం చట్టం ఊసెత్తేవారు కాదు. మీ ఊరికి రోడ్డు ఎప్పుడు పడింది, పిల్లలు ఏం చదువుతున్నారు, ఈ ఏడు సామ పండిందా అని అడుగుతూ పోయేవారు. అలా అడుగుతుంటేనే అసలు సంగతి బయటపడేది.

చట్టం ఉద్దేశం అన్న మాట మీద ఆవిడకు గుడ్డి ప్రేమ లేదు. ఒకసారి ఒక కంపెనీ తరఫు వకీలు ఆవిడ మాటనే ఆవిడకు తిప్పికొట్టాడు. ఈ చట్టం గిరిజనుల మేలు కోసమే కదా, మా హోటలు వస్తే వాళ్ళకు ఉద్యోగాలు వస్తాయి, కాబట్టి కౌలుకివ్వడమే చట్టం ఉద్దేశం అన్నాడు. కోర్టులో కొందరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఇంటికొచ్చాక సోడి అంబలి, అదే రాగి జావ, తాగుతూ అన్నారు. "సూసేవా. ఉద్దేశమన్న మాట ఎవుల నోట్లోనైనా ఇమిడిపోద్ది. మనకి నచ్చింది మనం ఉద్దేశమనకూడదు. సట్టం పుట్టినప్పుడు ఏ ఏడుపుందో, అది సూపించాలి." ఆ కేసులో ఆవిడ పాత రికార్డులు తవ్వి, ఆ కొండ మీద ఒకప్పుడు కౌలు పేరుతో ఎన్ని ఊళ్ళు ఖాళీ అయ్యాయో చూపించారు. కౌలు చెల్లదనే తేలింది.

నా కేసు సంగతి మేమిద్దరం చాలాకాలం ఎత్తలేదు. ఒక వానాకాలం కరెంటు లేని మధ్యాహ్నం, కక్షిదారులెవరూ రాని రోజు, నేనే ఎత్తాను. ఫైలు మొత్తం నాకు నోటికొచ్చేసింది అప్పటికి. ఎక్కడా పట్టు దొరకలేదు. ఒక్కటే మిగిలింది. అది వాదన కూడా కాదు.

"మీరు చట్టం ఉద్దేశం చూడమన్నారు మేడం. మా ఆయ ఉద్దేశం ఎవరు చూశారు?"

ఆవిడ చేతిలో చింతపిక్కలున్నాయి. ఒలవడం ఆపారు.

"నాను సూడలేదు" అన్నారు. "సూస్తే వాదించలేనని సూడలేదు."

తర్వాత నాకు చెప్పాల్సిన మాట ఇంకా ఉన్నట్టు నా వైపు చూశారు. "ఇప్పుడు అదే కేసు మళ్ళీ వొచ్చిందనుకో. నాను అదే వాదిస్తాను. నీకు సెప్పాలి కదా, అందుకు సెప్తన్నాను."

నేను లేచి వెళ్ళి టీ పెట్టాను. ఇద్దరం తాగాం. ఆ రోజు ఆవిడ క్షమించమని అడిగి ఉంటే నేను ఆ ఆఫీసులో ఉండేదాన్ని కాదేమో. అడగలేదు. నేను ఉన్నాను.

తర్వాత కొన్నేళ్ళకు బుద్రి వచ్చింది. డుంబ్రిగుడ వైపు మనిషి, పిల్లల తల్లి. వాళ్ళ అన్న ఒంటరివాడు, తాగుడు మనిషి. అతను పోయిన కొద్ది రోజులకే మైదానం నుంచి ఒకాయన వచ్చి, ఆ రోడ్డు పక్క భూమిలో టూరిస్టుల కోసం గుడారాలు వేయడం మొదలుపెట్టాడు. ఇదేమిటని అడిగితే అన్న వేలిముద్రతో ఉన్న వీలునామా చూపించాడు. తాను అతనికి మందులిప్పించాననీ, కొడుకులా చూసుకున్నాననీ, అతను ప్రేమతో రాశాడనీ అన్నాడు. బుద్రి కింది అధికారి దగ్గర గెలిచింది, అప్పీలులో ఓడిపోయింది. నా కేసులో వచ్చిన తీర్పు ఆ కుటుంబం గొడవకు సంబంధించినదే తప్ప ఇక్కడ వర్తించదన్నారు.

మళ్ళీ హైకోర్టు. ఇప్పుడది అమరావతిలో. సీనియర్‌కు అప్పటికే ఆయాసం. నాలుగు మాటలు మాట్లాడితే ఆగాల్సి వచ్చేది. బస్సులో నా పక్కన కూర్చుని, కిటికీలోంచి చూస్తూ, "నువ్వే వాదించు" అన్నారు. నేను కుదరదన్నాను. ఏ తీర్పు చూపించి వాదించాలో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. "కుదరకపోతే నాను లెగుస్తాను. ఆగి ఆగి సెప్తాను. అంతే కదా" అన్నారు. అంతకన్నా బలవంతం చేయలేదు.

నేనే లేచాను. చట్టం పుస్తకం తెరవలేదు. చట్టం రాకముందు కొండల్లో ఏం జరిగేదో చెప్పడం మొదలుపెట్టాను. ఆ మాటలు ఎవరివో, ఏ వరసలో వస్తాయో నాకు బాగా తెలుసు. చివర్లో పాత తీర్పు ఇచ్చాను. జడ్జిగారు ఆడమనిషి, నెమ్మదైనవారు. పేజీ తిప్పి, కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇందులో ప్రతివాది పేరూ మీ పేరూ ఒకటే ఉంది" అన్నారు.

"నేనేనండీ" అన్నాను.

ఎదుటి వకీలు కూర్చున్నవాడు లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఈ తీర్పును పాటించమని మీరే అడుగుతున్నారా అన్నారు జడ్జిగారు.

"అడుగుతున్నానండీ. దీనివల్ల మా అమ్మ ఇచ్చిన ఇల్లు నాకు లేకుండా పోయింది. ఆ రోజు నా కోసం తలుపు తీసి ఉంటే, ఈ రోజు ఈయన అందులోంచే వచ్చేవాడు."

చెప్పి కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూడాలనిపించింది, చూడలేదు. ఆవిడ వెనక బెంచీ మీద ఉన్నారు.

బుద్రికి భూమి దక్కింది. గుడారాలు పీకేశారు. తీర్పు చివర్లో జడ్జిగారు ఒక మాట రాశారు. ఇలా చదవడం వల్ల, నిజంగా పెంచుకున్న పిల్లలకు కష్టం కలుగుతుందనీ, ఆ కష్టం తీర్చడం కోర్టు చేతిలో లేదనీ, చట్టం చేసేవాళ్ళు ఆలోచించాలనీ. ఇంతవరకూ ఎవరూ ఆలోచించినట్టు లేదు. తీర్పు కాపీ వచ్చిన రోజు సీనియర్ ఆ పేరా మాత్రం రెండోసారి చదివించుకున్నారు. సీతమ్మను పిలిచి, ఈ పూట దీనికి చేపల కూర వండిపెట్టు అన్నారు. దీనికి అంటే నాకు.

ఆ ఏడు కాఫీ పళ్ళు ఎర్రబడే రోజుల్లో ఆవిడ తోట చూస్తానన్నారు. ఏ తోట అని నేను అడగలేదు. ఆ భూమి కోసం అన్నాళ్ళు వాదించిన మనిషి దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆటో ఊరి దాకానే వెళ్ళింది. అక్కడి నుంచి కాకా కొడుకు ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుని నడిపించాం. కాకా ముసలివాడైపోయాడు. మంచం వేసి, దుప్పటి దులిపి పరిచాడు. పిన్ని బెల్లం కాఫీ ఇచ్చింది. ఆవిడ తాగి, చెట్లన్నీ చూసి, "ఆవిడెక్కడుంది?" అన్నారు.

కాకా నా వైపు చూశాడు. నేనే తీసుకెళ్ళాను. తోట పైన, నీడకు వేసిన ఓకు చెట్ల మధ్య ఆయకు పాతిన రాయి ఉంది. సీనియర్ చెప్పులు విడిచారు. నేల తడిగా, చల్లగా ఉంది. వద్దన్నా వినలేదు. చాలాసేపు నిలబడ్డారు. ఏదైనా మాట్లాడతారేమోనని చూశాను. చేతులు కూడా జోడించలేదు. ఊరికే, పిలిచినప్పుడు కోర్టులో నిలబడినట్టు నిలబడ్డారు. నాకు సంతోషం కలగలేదు, బాధా కలగలేదు. కాళ్ళు తడుస్తున్నాయే, మళ్ళీ దగ్గు పట్టుకుంటుందే అనుకున్నాను. దిగి వస్తుంటే, "మంచి తోట" అన్నారు. అవునన్నాను.

చివరి నెలల్లో ఆవిడ కోర్టుకు రావడం మానేశారు. నేను వెళితే వాయిదాల సంగతులు చెప్పించుకునేవారు. కొత్త చట్టం ఏదైనా వస్తే అప్పటికీ అదే ప్రశ్న. ఏటి భయమేసి రాసేరు ఇది. జవాబు చెప్పేసరికి ఒక్కోసారి నిద్రపోయి ఉండేవారు. ఆఖరుసారి నేను బయల్దేరుతుంటే, తిన్నావా అని అడిగారు. తిన్నానన్నాను. నిజానికి తినలేదు. బస్సు టైమైపోతోంది.

కబురు తెలిసిన రోజు నేను అరకు వెళ్ళేసరికి సాలూరు నుంచి ఆవిడ తమ్ముడు వచ్చేశారు. అక్కను సొంత ఊరికి తీసుకెళతామన్నారు. ముందు గదిలో బెంచీల మీద కక్షిదారులు కూర్చుని ఉన్నారు. మామూలు రోజుల్లాగే, ఎవరి వంతు కోసం వాళ్ళు చూస్తున్నట్టు. బుద్రి పిల్లల్ని తీసుకుని వచ్చింది. కాకా కూడా వచ్చాడు. కొందరు కొండ మీది నుంచి నడిచి వచ్చారు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఆవిడ పడుకున్న గదిలోకి వెళ్ళి చూశాను. మొహం మామూలుగానే ఉంది. కోటు మేకుకు వేలాడుతోంది. దాన్ని ఏం చెయ్యమంటావని సీతమ్మ అడిగింది. ఉండనీ అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఆవిడకు కృతజ్ఞురాలినా అని నన్ను ఎవరైనా అడిగితే, అవును. నాకు పని నేర్పారు, అన్నం పెట్టారు, ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నా ఇల్లు పోవడానికి కారణం ఆవిడేనా అంటే, దానికీ అవుననే చెప్పాలి. ఈ రెండిట్లో ఏది పెద్దదో తేలుతుందేమోనని ఆ గదిలో కాసేపు నిలబడ్డాను. తేలలేదు. ఇప్పుడు కూడా తేలలేదు.

అంబులెన్సు వెనకే ఒక జీపులో మేం బయల్దేరాం. నేను, సీతమ్మ, బుద్రి, కాకా. ఊరు దాటాక రైలు గేటు పడి ఉంది. ఇనుప ఖనిజం మోసే గూడ్సు వస్తోంది, పొడుగుది, నెమ్మదిగా. డ్రైవర్లు ఇంజన్లు ఆపేశారు. గూడ్సు మా ముందు నుంచి వెళుతూనే ఉంది. కాకా ఏమీ చెప్పకుండా జీపు దిగాడు. చేతికర్ర ఊతంతో ముందుకు నడిచి, అంబులెన్సు వెనక తలుపు అద్దం మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. సీతమ్మ నన్ను కూడా వెళ్ళమన్నట్టు చూసింది. నేను కదల్లేదు. గూడ్సు వెళ్ళిపోయింది. గేటు లేచింది. ఆయన చెయ్యి తియ్యలేదు. వెనక బళ్ళు నిలిచిపోయాయి. అంబులెన్సు డ్రైవరు అద్దంలోంచి ఆయన్ను చూస్తున్నాడు. హారన్ కొట్టలేదు, బండి తియ్యలేదు.